తలాంతును పాతిపెట్టని మనిషి – డేవిడ్ యునైపాన్



మీ పర్సులో యాభై డాలర్ల నోటు ఉంటే ఒకసారి తీసి చూడండి. దాని మీద కనిపించే పెద్దమనిషి పేరు డేవిడ్ యునైపాన్. ఆయన దగ్గరే ఒక చిన్న చర్చి బొమ్మ కూడా ఉంటుంది. ఆస్ట్రేలియా ఆదివాసుల్లో పుస్తకం అచ్చయిన మొదటి రచయిత ఆయనే.

ఆయన 1872 సెప్టెంబరు 28న దక్షిణ ఆస్ట్రేలియాలోని పాయింట్ మెక్లే మిషన్‌లో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరిని రౌకన్ అంటారు. తొమ్మిది మంది పిల్లల్లో నాలుగోవారు. తండ్రి జేమ్స్ సువార్తికుడు. డేవిడ్ మిషన్ బడిలో చదివింది పదమూడేళ్ళ వయసు వరకే. తర్వాత అడిలైడ్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరారు. చదువు మీద, సంగీతం మీద ఆయనకున్న ఆసక్తిని ఆ యజమాని ప్రోత్సహించారు. 1890లో మిషన్‌కు తిరిగి వచ్చి చెప్పులు కుట్టే పని నేర్చుకున్నారు, ఆర్గాన్ వాయించారు, దొరికిన పుస్తకమల్లా చదివారు.

ఆంగ్లం ఆయన పూర్వీకుల భాష కాదు. అయినా పట్టుబట్టి నేర్చుకున్నారు. మిల్టన్ శైలి, మనం 'యాత్రికుని ప్రయాణము' ద్వారా ఎరిగిన బన్యన్ శైలి ఆయన రాతలో కలిసిపోయాయి. 1909లో గొర్రెల బొచ్చు కత్తిరించే యంత్రానికి మెరుగైన పిడిని కనిపెట్టారు గాని, దానివల్ల ఆయనకు డబ్బు రాలేదు.

ఆదివాసుల కోసం పనిచేసే ఒక సంఘానికి చందాలు సేకరిస్తూ దాదాపు యాభై ఏళ్ళు ఊరూరా తిరిగారు. రంగును చూసి బస ఇవ్వని చోట్లు ఎన్నో. ఆ తిరుగుడులోనే ప్రసంగించారు, 1920లలో తన ప్రజల గాథలు సేకరించి రాశారు. 1929లో ఆయన పుస్తకం వెలువడింది.

అయితే ఆ మరుసటి ఏడాదే, 1930లో, ఆయన రాసిన గాథలు లండన్‌లో విలియం రామ్సే స్మిత్ అనే వైద్యుని పేరుతో అచ్చయ్యాయి. యునైపాన్ పేరు అందులో ఎక్కడా లేదు. 1967 ఫిబ్రవరి 7న, 94 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. ఆ గాథలు ఆయన సొంత పేరుతో వెలువడింది 2001లో.

ఇప్పుడు చెప్పండి, ఆయనను రచయితను చేసింది తలాంతా, కష్టమా? తలాంతు లేదని ఎవరూ అనలేరు. కానీ పనివాడిగా, చెప్పులు కుడుతూ, తలుపులు తడుతూ గడిపిన ఏళ్ళలో చదవడం మానేసి ఉంటే ఆ తలాంతు మట్టిలోనే ఉండిపోయేది. ఫలితం వేరొకరి చేతికి పోయినా, చేసిన పని మాత్రం నిలిచింది.

సాక్ష్యం రాయమని అడిగితే మనలో చాలామంది నాకు ఆ తలాంతు లేదండీ అని తప్పించుకుంటాం. మీ అమ్మమ్మ ప్రభువును ఎలా తెలుసుకున్నదో మీకు తెలుసు కదా? మీరు రాయకపోతే ఇక్కడ పుట్టిన మీ పిల్లలకు అది ఎవరు చెబుతారు? ఈ వారం ఒక్క పేజీ రాయండి. బాగా రాకపోతే వచ్చే వారం దిద్దుకోండి. తలాంతు దేవుడిచ్చేది, దానితో పనిచేయవలసింది మనం.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.