మైనం కాగితంతో పదివేల వోల్టులు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ గల్లీల్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ల దాకా కరెంటు 11,000 వోల్టుల మీద వస్తుంది. అక్కడ తగ్గించాకే ఇళ్లలోకి ఇస్తారు. దాదాపు అంత వోల్టేజీని కేబుల్‌లో పెట్టి ఒక మహానగరానికి మొదట తెచ్చినవాడు సెబాస్టియన్ జియాని డి ఫెరాంటి. అప్పటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు.

1864లో లివర్‌పూల్‌లో పుట్టాడు. తండ్రి ఫొటోగ్రాఫర్. పద్దెనిమిదేళ్లకే సొంతంగా ఆల్టర్నేటర్ తయారుచేశాడు. 1886లో లండన్‌లోని గ్రోవెనర్ గ్యాలరీ విద్యుత్ కేంద్రానికి చీఫ్ ఇంజనీరయ్యాడు. అక్కడ కరెంటు 2,400 వోల్టులు. ఊరి మధ్యలో బొగ్గు తేవాలన్నా, నీళ్లు తేవాలన్నా తిప్పలే. అందుకే థేమ్స్ నది ఒడ్డున డెట్‌ఫోర్డ్‌లో పెద్ద కేంద్రం కట్టి, అక్కడి నుంచి 10,000 వోల్టులతో లండన్‌కు పంపుతానన్నాడు. వోల్టేజీ నాలుగింతలైతే అదే పవర్‌కు కరెంటు నాలుగో వంతు చాలు, తీగలో నష్టం పదహారో వంతుకు పడిపోతుంది. హైదరాబాద్‌లోనూ ఒకప్పుడు హుస్సేన్‌సాగర్ ఒడ్డునే పవర్‌హౌస్ ఉండేది. ఇప్పుడు రామగుండం, కొత్తగూడెం లాంటి దూరపు చోట్ల నుంచి వస్తోంది. లెక్క అదే.

చిక్కంతా కేబుల్‌తోనే. అంత వోల్టేజీని తట్టుకునే సరుకు బజారులో లేదు. ఫెరాంటి తానే చేయించాడు. ఒక రాగి గొట్టం, దాని చుట్టూ మైనంలో నానబెట్టిన మామూలు గోధుమరంగు కాగితం, దానిపైన ఇంకో రాగి గొట్టం. ఒక్కో ముక్క 20 అడుగులే, అంటే వేలాది అతుకులు! అధికారులు భయపడ్డారు. ఆ భయం తప్పు కూడా కాదు. పై గొట్టాన్ని భూమికి కలిపితే మనిషికి ప్రమాదం లేదని చూపించడానికి, కరెంటు పారుతున్న కేబుల్‌లోకి ఉలి దిగగొట్టించాడు. ఉలి పట్టుకున్నది ఆయన సహాయకుడు హెరాల్డ్ కోల్. ఫ్యూజ్ పోయింది, మనిషికి ఏమీ కాలేదు. (ఇప్పుడు ఎవరూ ఇలాంటివి చేయకూడదు.)

కేబుల్ గెలిచినా ఉద్యోగం నిలవలేదు. ప్రభుత్వం కంపెనీకి ఇచ్చిన ప్రాంతాన్ని కుదించింది. 1890 నవంబరులో గ్రోవెనర్ గ్యాలరీ కాలిపోయింది, కస్టమర్లు తగ్గారు. 1891లో ఫెరాంటి బయటికి వచ్చేశాడు. సొంత ఫ్యాక్టరీ మీద పడ్డాడు, 1910లో బ్రిటన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థకు అధ్యక్షుడయ్యాడు. 1930 జనవరిలో జూరిచ్‌లో చనిపోయాడు. అప్పటికీ ఆ కాగితం కేబుళ్లలో కరెంటు పారుతూనే ఉంది.