జోడేఘాట్ సేనాని కుమ్రం భీమ్

‘ఆర్‌ఆర్‌ఆర్’ చూసి కుమ్రం భీమ్ గురించి తెలిసిపోయిందనుకునే వాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నేనూ అలాగే అనుకున్నా. ఆ సినిమా పూర్తిగా కల్పన. నిజజీవితంలో భీమ్ అల్లూరిని కలవలేదు, పోరాడింది నిజాం సర్కారుతో. అసలు కథ మన ఆసిఫాబాద్ కొండల్లోనే జరిగింది.

1901లో సంకెపల్లిలో ఓ గోండు కుటుంబంలో పుట్టాడు. పశువులు మేపితే పన్ను, వంటచెరకు తెచ్చుకుంటే పన్ను, పోడు కొడితే జంగ్లాత్ వాళ్ల కేసు. తండ్రి పోయాక కుటుంబం సుర్దాపూర్‌కు వలస వెళ్లింది. అక్కడ వాళ్లు సాగుచేసిన చేను తనదంటూ సిద్దిఖీ అనే జాగీర్దారు వచ్చాడు. ఆ గొడవలో భీమ్ దెబ్బకు అతను చనిపోయాడు. చేతిలో డబ్బు లేదు, చదువు రాదు, వెనక పోలీసులు. భీమ్ రాత్రికి రాత్రే ఊరు వదిలాడు.

చాందాలో విఠోబా అనే ఆయన ప్రింటింగ్ ప్రెస్‌లో పనికి కుదిరి చదవడం, రాయడం నేర్చుకున్నాడు. తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలీ. అక్కడ కార్మికుల పోరాటంలో చేరి జైలుకెళ్లి, తప్పించుకుని ఇంటిదారి పట్టాడు. ఆయనకు దొరికిన ట్రైనింగ్ అంతే.

తిరిగొచ్చాక బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల 12 ఊళ్ల జనాన్ని కూడగట్టాడు. ముందు తుపాకీ పట్టలేదు. నిజాంకు గోడు చెప్పుకుందామని హైదరాబాద్ వెళ్లాడు, దర్శనమే దొరకలేదు. ఆ తర్వాతే గెరిల్లా దళం. విల్లంబులు, బరిసెలు, కొన్ని నాటు తుపాకులు. పోలీసులకు లేనిది ఒక్కటే ఈ దళానికి ఉంది: కొండల్లో ప్రతి దారీ తెలియడం. చివరికి ఆ బలమే పోయింది. తమవాడే ఒకడు దారి చూపించాడని చెబుతారు. 1940లో ఆశ్వయుజ పౌర్ణమినాడు సాయుధ పోలీసులు జోడేఘాట్‌ను చుట్టుముట్టి భీమ్‌ను కాల్చిచంపారు.

యుద్ధంగా చూస్తే ఓటమే. కానీ గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోక సర్కారుకు తప్పలేదు. ఆ పని హైమండార్ఫ్‌కు అప్పగించారు. ఆయన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త, చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. రెండో ప్రపంచయుద్ధం వల్ల శత్రుదేశీయుడిగా హైదరాబాద్ రాజ్యం దాటలేకపోయాడు. ఆయన గూడేలు తిరిగి ఇచ్చిన నివేదికల ఫలితంగా 1943లో మార్లవాయిలో గోండీ ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, గిరిజనులకు పట్టాలొచ్చాయి, 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. 2016లో జిల్లాకే భీమ్ పేరు పెట్టారు.

గ్రూప్స్ రాసేవాళ్లు ఈ సంవత్సరాలు ఎలాగూ గుర్తుపెట్టుకుంటారు. వాటి వరుస కూడా చూడండి. ముందు తూటా, తర్వాత సర్వే. అదే తారుమారై ఉంటే భీమ్ బతికేవాడు. రేపు మీలో ఎవరో ఒకరు తహసీల్దార్ కుర్చీలో కూర్చుంటారు. పోడు పట్టా కాగితం పట్టుకుని ఒకాయన గుమ్మం దగ్గర నిలబడితే, లోపలికి పిలిచి ఆ కాగితం చదవండి.