కృషిసేవకుడు సర్ ఆల్బర్టు హోవర్డు

పంట పండించు శక్తి భూమికి తరుగని సొత్తు కాదు. పంట రూపమున తీసికొన్న సారమును రైతు మరల నేలకు ఇచ్చుచున్నపుడే ఆ శక్తి నిలుచును. ఇది పల్లెలలోని పెద్దలకు తెలియని సత్యము కాదు. తెలిసియు, పేడను పిడకలు చేసి పొయ్యిలో కాల్చుట, పశువుల మూత్రమును కొట్టపు నేలలో ఇంకిపోనిచ్చుట, పొలములోని చెత్తను తగులబెట్టుట తరతరములుగా సాగుచు వచ్చినవి. ఈ నష్టమును మాన్పు ఉపాయమునకై తన విద్యనంతయు ధారపోసిన మహనీయుడు సర్ ఆల్బర్టు హోవర్డు.

హోవర్డుగారు 1873వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన ఇంగ్లండు దేశమున ష్రాప్‌షైరు ప్రాంతములోని బిషప్స్ కాసిల్‌నందు రైతుకుటుంబమున జన్మించిరి. లండనులోను, పిమ్మట కేంబ్రిడ్జిలోను విజ్ఞానశాస్త్రము నభ్యసించిరి. 1899లో వెస్టిండీసు దీవులకు పోయి, పైరులకు వచ్చు బూజు తెగుళ్లను పరిశోధించు ఉద్యోగమున చేరిరి. అచట ఆయనకొక లోపము గోచరించెను. తెగులునకు మందు చెప్పవలసిన తనకు, ఆ మందు మేలు కీళ్లు చూచుకొనుటకు సెంటు భూమియైనను లేకపోయెను. సొంత సేద్యము లేని కృషిశాస్త్రము సగము చదువేయని ఆయన గ్రహించిరి.

1905లో భారతదేశమునకు వచ్చి, బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయమున వృక్షశాస్త్రజ్ఞులుగా నియుక్తులైరి. ఆ యేడే గేబ్రియెల్ మత్తెయిగారిని పరిణయమాడిరి. ఆమెయు గొప్ప వృక్షశాస్త్రజ్ఞురాలు. ఆయన పరిశోధనలలో సమాన భాగస్వామిని. ఆ దంపతుల కృషివలన పూసా గోధుమలు దేశమున పేరొందెను. అయినను హోవర్డుగారికి గొప్ప పాఠము దొరికినది ప్రయోగశాలలో కాదు. చుట్టుపట్ల గ్రామములలోని రైతులు మందులు చల్లకయే ఆరోగ్యవంతములైన పైరులను పండించుచుండిరి. పెద్ద ఉద్యోగమునందున్న ఆ దొర, చదువురాని ఆ రైతులను గురువులుగా భావించి, వారి సేద్యమును ఏండ్ల తరబడి శ్రద్ధతో పరిశీలించిరి.

విత్తనము ఒక శాఖకు, నేల వేరొక శాఖకు, తెగులు మరియొక శాఖకు పంచిపెట్టిన పరిశోధన ఆయనకు రుచింపలేదు. పొలము నంతటిని ఒక్కటిగా చూడవలెనన్న కోరికతో 1924లో ఇందూరునందు వృక్షపరిశ్రమ పరిశోధనాలయమును నెలకొల్పి, దానికి అధ్యక్షులైరి. చీనా రైతులు వేల యేండ్లుగా వ్యర్థపదార్థములను ఎరువుగా మార్చి భూమిని కాపాడుకొన్న విధమును ఆయన ఎరిగియుండిరి. ఆ అనుభవమునకు శాస్త్రమును జోడించి, యశ్వంత్ వాడ్ గారి తోడ్పాటుతో ఇందూరు పద్ధతిని రూపొందించిరి.

ఆ పద్ధతియందు పారవేయదగినది లేదు. పత్తికట్టె, కందికంప వంటి గట్టి పదార్థములను బండ్లదారిలో పరచిన, చక్రములక్రింద నలిగి మెత్తబడును. వానిని ఆకులు, కలుపు, గడ్డితో కలిపి ఎద్దుల క్రింద పరపుగా వేయుదురు. కొట్టమున రాతిపరుపు లేదు, మట్టినేలయే యుండును. మూత్రముతో నానిన ఆ మట్టిని కొన్ని నెలలకొకమారు త్రవ్వితీసి, క్రొత్తమట్టి నింపుదురు. 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతుగల గోతిలో ఆ పరపును పొరలుగా వేసి, పొరపొరకును మూత్రపుమట్టి, కట్టెల బూడిద చల్లి, పేడనీళ్లతో తడుపుదురు. కొలది దినములలో గోయి వేడెక్కి లోన పొగలు గ్రక్కును. ఆ వేడికి కలుపువిత్తులును, ఈగపిల్లలును నశించును. ముమ్మారు తిరుగవేసినచో, మూడు మాసములలో అది దుర్గంధము లేని నల్లని ఎరువగును.

ఇందలి కీలకము నీటికిని గాలికిని పొందిక కుదుర్చుటయే. నీరు చాలకున్న చెత్త క్రుళ్లదు; ఎక్కువైనచో గాలి యాడక కంపుకొట్టి ఈగలు ముసురును. గోయి లోతు తక్కువగా నుంచుటయు, మాటిమాటికి తిరుగవేయుటయు గాలికొఱకే. వానకాలమున గోతులలో నీరు నిలుచును గనుక, నేలపైననే కుప్పలు వేయవలెనని ఆయన విధించిరి. ఇందులకు యంత్రములు అక్కరలేదు. పార, బుట్ట, ఎద్దులబండి చాలును.

పని ఫలించు వేళకే హోవర్డుగారికి దారుణమైన దెబ్బ తగిలెను. 1930లో గేబ్రియెల్‌గారు పరమపదించిరి. ఇరువదియైదేండ్ల సహచర్యము తెగిపోయెను. మరుసటియేట, వాడ్ గారితో కలిసి వ్రాసిన ఇందూరు పద్ధతి గ్రంథము వెలువడెను. ఆ సంవత్సరమే ఆయన ఉద్యోగము విరమించి స్వదేశమునకు మరలిరి. 1934లో సర్ బిరుదము లభించెను. 1940లో వెలువడిన మరియొక గ్రంథము వలన ఆయన భావములు అనేక దేశములలో వ్యాపించెను. రసాయనిక ఎరువులను గూర్చి ఆయన చేసిన ఖండన మితిమీరినదని పలువురు శాస్త్రజ్ఞులు ఎదిరించిరి. అయినను ఆయన వెనుదీయక, 1947 అక్టోబరు 20వ తేదీన కన్నుమూయువరకు నేలపక్షమున వాదించుచునే యుండిరి.

ఆ వాదము సంగతి యెట్లున్నను, సేంద్రియ పదార్థము లేని నేల క్రమముగా నిస్సారమగునన్న మాటలో వివాదము లేదు. కంపోస్టు అను మాట నేడు తెలుగు రైతుల నోటను వాడుకమాటయే. ఎరువు గోతికడ నిలిచి చెత్తను తిరుగవేయు ప్రతి కృషీవలుడును, పేరు తెలిసినను తెలియకున్నను, హోవర్డుగారి శిష్యుడే. రైతును గురువుగా తలచినవాడు రైతులకే గురువగుట ఆ మహాశయుని జీవితములోని విశేషము.