స్టార్మీ జోన్స్: ఆరేళ్లకే గుండె అలసిపోయిన పాప

పిల్లల్లో కొలెస్ట్రాల్ అనగానే మీకు ముందుగా ఏం గుర్తొస్తుంది? బొద్దుగా ఉన్న పిల్లాడు, చేతిలో చిప్స్ ప్యాకెట్, ఎదురుగా టీవీ. మావాడు సన్నగా ఉంటాడు, బయటి తిండి ముట్టడు, వాడికి కొలెస్ట్రాల్ ఏంటని మీరు అనుకోవచ్చు. అలా అనుకునే అమ్మానాన్నలందరూ తెలుసుకోవాల్సిన జీవితం ఒకటుంది. ఆ పాప పేరు స్టార్మీ జోన్స్. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రానికి చెందిన స్టార్మీ 1984లో ప్రపంచమంతా పత్రికలకెక్కింది. అప్పటికి తన వయసు ఆరేళ్లు. తన కొలెస్ట్రాల్ తిండితో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది.

ఒంటి మీద పసుపు బుడిపెలు

స్టార్మీ 1977లో పుట్టింది. చిన్నతనంలోనే ఒంటి మీద బుడిపెలు కనిపించాయి. చూడటానికి పులిపిర్లలా ఉండే ఇవి నిజానికి చర్మం కింద పేరుకున్న కొలెస్ట్రాల్ ముద్దలు. వైద్యులు వీటిని గ్జాంథోమాలు అంటారు. మోచేతులు, మోకాళ్లు, వేళ్ల కణుపులు, వేళ్ల సందులు, పిరుదులు, మడమ వెనక నరంలా కనిపించే స్నాయువు... ఇవి ఎక్కువగా వచ్చే చోట్లు ఇవే. నొప్పి ఉండదు కాబట్టి చాలామంది పట్టించుకోరు. చర్మానికే కదా అని ఏదో మలాం రాసి ఊరుకుంటారు. కానీ చర్మం మీద కనిపించేంతగా పేరుకుందంటే, లోపల గుండె రక్తనాళాల్లోనూ అదే పేరుకుంటోందని అర్థం.

స్టార్మీ విషయంలో జరిగింది అదే. సాధారణంగా పిల్లల్లో చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) డెసిలీటరు రక్తంలో 110 మి.గ్రా.లోపు ఉండాలి. స్టార్మీకి అది 988 మి.గ్రా. ఉంది. అంటే దాదాపు తొమ్మిది రెట్లు. పథ్యంతోనో పరుగులతోనో దిగివచ్చే అంకె కాదది.

మూసుకుపోయిన తలుపులు

ఇంత కొలెస్ట్రాల్ ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడ మీకు కాలేయం గురించి కొంచెం చెప్పాలి. మన రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండి నుంచి వచ్చేది కాదు, ఒంట్లోనే తయారయ్యేది. అది ఎల్‌డీఎల్ రేణువుల రూపంలో రక్తంలో తిరుగుతుంటుంది. పని అయిపోయాక మిగిలిన ఎల్‌డీఎల్‌ను కాలేయం లోపలికి లాక్కుని ఖర్చు చేసేస్తుంది. అలా లాక్కోవడానికి కాలేయ కణాల మీద చిన్న చిన్న గ్రాహకాలు (రిసెప్టర్లు) ఉంటాయి. ఇవి తలుపుల్లాంటివి అనుకోండి. తలుపులు తెరిచి ఉంటే ఎల్‌డీఎల్ లోపలికి పోతుంది. లేకపోతే రక్తంలోనే తిరుగుతూ రక్తనాళాల గోడల్లో చేరిపోతుంది.

ఈ తలుపుల సంగతి కనిపెట్టింది టెక్సస్‌లోనే, డాలస్ నగరంలో పనిచేస్తున్న మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు. 1970లలో వాళ్లు చేసిన ఈ పరిశోధనకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. స్టార్మీ చర్మం నుంచి తీసిన కణాలను డాలస్ బృందం పెంచి పరీక్షించింది. గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు మనకు రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. స్టార్మీకి అమ్మ నుంచి వచ్చిన ప్రతి అసలు గ్రాహకాలనే తయారుచేయలేదు. నాన్న నుంచి వచ్చిన ప్రతి సగం తయారైన గ్రాహకాలను ఇచ్చింది కానీ, అవి కణం పైకి చేరలేదు. రెండు వైపులా తలుపులు మూసుకుపోయాయి.

ఈ జబ్బు పేరు ఫ్యామిలియల్ హైపర్‌కొలెస్టెరాలీమియా. తేలిగ్గా ఎఫ్‌హెచ్ అనుకుందాం. ఒక్క ప్రతిలోనే లోపం ఉంటే ఎల్‌డీఎల్ మామూలు కన్నా రెట్టింపు వరకూ ఉంటుంది. మనిషి పైకి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. నలభైల్లోనో యాభైల్లోనో హఠాత్తుగా గుండెపోటు వస్తుంది. దాదాపు ప్రతి 250 మందిలో ఒకరికి ఈ రకం ఉంటుందని అంచనా. రెండు ప్రతుల్లోనూ లోపం ఉండటం చాలా అరుదు, సుమారు మూడు లక్షల మందిలో ఒకరికి. స్టార్మీది ఈ రెండో రకం.

గుండె ఒక్కటే మారిస్తే చాలదు

ఆరేళ్లు నిండేసరికే స్టార్మీ గుండె రక్తనాళాలు పూడుకుపోయాయి. ఈ వయసు పిల్లలు బడికి పోయి అక్షరాలు దిద్దుకుంటారు. ఆ పాపకు మాత్రం బైపాస్ ఆపరేషన్ అయింది. దెబ్బతిన్న మైట్రల్ కవాటాన్ని మార్చారు. అయినా గుండె కోలుకోలేదు.

అప్పటికే స్టాటిన్ మందులు పరిశోధన దశలో ఉన్నాయి. కానీ స్టాటిన్లు ముఖ్యంగా కాలేయం మీద ఉన్న గ్రాహకాల సంఖ్యను పెంచి పనిచేస్తాయి. గ్రాహకాలు దాదాపుగా లేని పిల్లకు అవి పెద్దగా ఉపయోగపడవు. గుండె మారిస్తే? కొత్త గుండెనూ అదే కొలెస్ట్రాల్ మళ్లీ పాడుచేస్తుంది. కాలేయం మారిస్తే? అంత పెద్ద ఆపరేషన్‌ను ఆ గుండె తట్టుకోలేదు. మిగిలిన దారి ఒక్కటే. రెండూ ఒకేసారి మార్చడం. అప్పటి వరకూ ప్రపంచంలో ఎవరికీ చేయని ఆపరేషన్ అది.

పిట్స్‌బర్గ్‌లోని పిల్లల ఆసుపత్రి వైద్యులు ఒప్పుకున్నారు. మనుషుల్లో మొట్టమొదట కాలేయ మార్పిడికి ప్రయత్నించిన థామస్ స్టార్జ్ల్ అక్కడే ఉన్నారు. గుండె బాధ్యతను హెన్రీ బానసన్ తీసుకున్నారు. ప్రాణం కోల్పోయిన మరో చిన్నారి గుండె, కాలేయం దానంగా దొరికాయి. 1984 ఫిబ్రవరి 14న రెండింటినీ స్టార్మీకి అమర్చారు.

తర్వాత వారాల్లో చేసిన రక్తపరీక్షలు ఒక పెద్ద ప్రశ్నకు జవాబిచ్చాయి. స్టార్మీ ఎల్‌డీఎల్ 988 నుంచి 184కు పడిపోయింది. అంటే 81 శాతం తగ్గింది. ఒంట్లో మిగతా కణాలన్నీ పాతవే. మారింది గుండె, కాలేయం మాత్రమే. అందులో రక్తం నుంచి ఎల్‌డీఎల్‌ను తొలగించే పని కాలేయానిది. మనిషి రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను అదుపులో పెట్టేది ప్రధానంగా కాలేయం మీది తలుపులేనని వైద్యలోకానికి కళ్లెదుట రుజువైంది. ఇప్పుడు తలుపులు ఉన్నాయి కాబట్టి స్టాటిన్ కూడా పనిచేసింది. లోవాస్టాటిన్ ఇచ్చాక ఆ పాప కొలెస్ట్రాల్ మామూలు స్థాయికి వచ్చింది. ఇవాళ మీ ఇంట్లో పెద్దవాళ్లు రాత్రిపూట వేసుకునే స్టాటిన్ మాత్రల కుటుంబంలో తొలి తరం మందు అది.

స్టార్మీ టెక్సస్ తిరిగి వెళ్లింది. బడికి వెళ్లింది. రోజూ మందులు, తరచూ పరీక్షలు తప్పలేదు. కొత్త అవయవాలను ఒళ్లు తిరస్కరించకుండా వేసే మందులు ఆపడానికి వీల్లేదు. కొన్నాళ్లకు కాలేయానికి హెపటైటిస్ సోకింది. 1990 ఫిబ్రవరిలో రెండోసారి కాలేయం మార్చారు. ఆ ఏడాది నవంబరులో, ఒళ్లు గుండెను తిరస్కరించడంతో, పదమూడేళ్ల వయసులో స్టార్మీ కన్నుమూసింది. ఆపరేషన్ ఇచ్చింది ఆరు సంవత్సరాల తొమ్మిది నెలలు. అంతకుముందు తను బతికిన కాలమూ దాదాపు అంతే.

ఇవాళైతే ఏం చేస్తారు?

రెండు ప్రతుల్లోనూ లోపమున్న పిల్లలకు ఇప్పుడు ఆపరేషన్ దాకా వెళ్లకుండానే చేయగలిగింది చాలా ఉంది. రక్తాన్ని యంత్రం గుండా పంపి ఎల్‌డీఎల్‌ను వడగట్టే ఎఫరెసిస్ ఉంది. స్టాటిన్లకు తోడుగా ఎజెటిమైబ్ ఉంది. కొత్త ఇంజెక్షన్లు వచ్చాయి. అయితే ఏదైనా పనిచేయాలంటే జబ్బు తొందరగా బయటపడాలి.

ఒక్క ప్రతిలో లోపమున్న పిల్లల సంగతి ఇంకా ఆశాజనకం. నెదర్లాండ్స్‌లో ఎఫ్‌హెచ్ ఉన్న 214 మందికి చిన్నప్పుడే స్టాటిన్ మొదలుపెట్టి, 20 ఏళ్ల తర్వాత మళ్లీ పరిశీలించారు. ఆ ఫలితాలు 2019లో వచ్చాయి. 39 ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బు బారిన పడింది 1 శాతం మంది. అదే జబ్బున్న వాళ్ల తల్లిదండ్రుల్లో, అదే వయసుకి, 26 శాతం మంది. తల్లిదండ్రుల చిన్నతనంలో ఈ మందులు లేవు. తేడా అక్కడే ఉంది.

మీరు గమనించాల్సినవి

ముందు మీ కుటుంబాన్ని ఒకసారి తలచుకోండి. తాతలు, నాన్న, బాబాయిలు, మేనమామల్లో ఎవరికైనా 55 ఏళ్లలోపు గుండెపోటు వచ్చిందా? అమ్మమ్మ, నానమ్మ, మేనత్త, పిన్నిలకు 65 ఏళ్లలోపు వచ్చిందా? అమ్మానాన్నల్లో ఎవరికైనా కొలెస్ట్రాల్ బాగా ఎక్కువని తేలిందా? జవాబు అవును అయితే, బిడ్డకు రెండేళ్లు దాటాక పిల్లల డాక్టరును అడిగి లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. ఇలాంటి చరిత్ర లేకపోయినా 9-11 ఏళ్ల మధ్య ఒకసారి చూడటం మంచిదని అమెరికా నిపుణుల సిఫారసు.

మేనరికం ఉన్న కుటుంబాలు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. దగ్గరి బంధువులైన భార్యాభర్తలిద్దరికీ ఒకే తాత నుంచి ఒకే లోపం వచ్చే అవకాశం ఎక్కువ. ఇద్దరికీ ఒక్కో ప్రతిలో లోపముంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు ప్రతుల్లోనూ లోపం వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

రిపోర్టు చేతికొచ్చాక ఇలా చూడండి. పిల్లల్లో మొత్తం కొలెస్ట్రాల్ 170లోపు ఉంటే మంచిది. 200, ఆపైన ఉంటే ఎక్కువే. ఎల్‌డీఎల్ 110లోపు మంచిది, 130, ఆపైన ఎక్కువ. ఎల్‌డీఎల్ 190 దాటినా, కుటుంబంలో గుండెజబ్బు చరిత్ర ఉండి 160 దాటినా ఎఫ్‌హెచ్ అనుమానించాలి. ఒక్క పరీక్షతో నిర్ణయానికి రారు. మళ్లీ చేయిస్తారు. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, కొన్ని కిడ్నీ జబ్బులున్నా కొలెస్ట్రాల్ పెరుగుతుంది కాబట్టి అవీ చూస్తారు. బరువు ఎక్కువున్న పిల్లల్లో మామూలుగా ట్రైగ్లిజరైడ్లు పెరిగి, మంచి కొలెస్ట్రాల్ (హెచ్‌డీఎల్) తగ్గుతుంది. అలాంటి పిల్లలకు తిండి, ఆటలే అసలు మందు.

తిండి విషయంలో తొందరపడి కోతలు పెట్టకండి. రెండేళ్లలోపు పిల్లలకు మెదడు ఎదుగుదలకు కొవ్వు కావాలి. డాక్టరు చెప్పకుండా పాలు, నెయ్యి ఆపేయొద్దు. ఆ తర్వాత, కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలితే, మీగడ తీసిన పాలు ఇవ్వొచ్చు. నెయ్యి, వెన్న, డాల్డా, బేకరీ పఫ్‌లు, కేకులు, కాగిన నూనెలో మళ్లీ మళ్లీ వేయించిన బజ్జీలు తగ్గించాలి. పప్పులు, ఆకుకూరలు, చిక్కుడు, బెండ, జామ లాంటి పీచున్నవి పెంచాలి. రోజుకో గంట ఆడుకోనివ్వాలి. అయితే వాడొక్కడికే వేరే కంచం పెట్టి, మిగతావాళ్లు పకోడీలు తింటే లాభం లేదు. వంట ఇంటిల్లిపాదికీ ఒకటే మారాలి.

ఎఫ్‌హెచ్ పిల్లల్లో ఆహారంతో తగ్గేది కొంతే. అందుకే 8-10 ఏళ్ల నుంచి స్టాటిన్ మొదలుపెట్టమని డాక్టరు చెప్పవచ్చు. ఇంత చిన్న వయసులో మందా అని వెనకాడి, మానేసి, ఊళ్లో ఎవరో చెప్పిన కషాయం పోయకండి. లివర్ పరీక్షలు, ఎదుగుదల చూసుకుంటూ వాడే మందు అది. ఆడపిల్లలు పెద్దయ్యాక గర్భం ధరించాలనుకున్నప్పుడు ఆ విషయం ముందుగానే డాక్టరుకు చెప్పాలి.

ఇంకొక మాట. ఒక బిడ్డకు ఎఫ్‌హెచ్ ఉందని తేలితే పరీక్ష ఆ బిడ్డతో ఆగకూడదు. అమ్మకో నాన్నకో ఉండే ఉంటుంది. తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ ఉండే అవకాశం సగానికి సగం. చాలా ఇళ్లలో బిడ్డ రిపోర్టు వల్లే తండ్రి జబ్బు బయటపడి, రావాల్సిన గుండెపోటు తప్పుతుంది. స్టార్మీ కాలంలో వైద్యులకు ఇంత దారి లేదు. మీకు ఉంది. ఖర్చయ్యేది ఒక సిరంజి రక్తం.