తండ్రి ఒకవైపు, కొడుకు ఒకవైపు

బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాలిపటంతో మెరుపును పరీక్షించిన కథ మనం చదువుకున్నదే. 1752లో ఆయనకు సాయంగా ఉన్నది కొడుకు విలియం. బొమ్మల్లో చిన్నపిల్లవాడిలా వేస్తారు గానీ అప్పటికి అతనికి సుమారు 21 ఏళ్లు!

1763లో విలియం న్యూజెర్సీలో ఇంగ్లండు రాజు తరఫున గవర్నరుగా చేరాడు. స్వాతంత్ర్య పోరాటం వచ్చేసరికి తండ్రి ప్రజల పక్షం, కొడుకు రాజు పక్షం. 1776లో విలియంను నిర్బంధించారు. మరుసటి ఏడు భార్య ఎలిజబెత్ న్యూయార్కులో జబ్బుపడితే, చూసి రావడానికి అనుమతి అడిగాడు. ఇవ్వలేదు. ఆమె చనిపోయింది. అప్పుడు విలియం కొడుకు టెంపుల్ పారిస్‌లో తాతగారి దగ్గర కార్యదర్శిగా ఉన్నాడు.

బదిలీల మీద ఊళ్లు తిరిగే మనకు దూరం సంగతి తెలుసు. ఈ దూరం వేరు. యుద్ధం ముగిశాక, 1784లో, విలియమే ముందు తండ్రికి ఉత్తరం రాశాడు. మరుసటి ఏడు సౌతాంప్టన్‌లో కలుసుకున్నారు. అక్కడ ఎక్కువగా ఆస్తి లెక్కలే తేలాయి. విలియం తన అమెరికా భూములను టెంపుల్‌కు అమ్మాడు. తండ్రి ఓడెక్కాడు. మళ్లీ ఒకరినొకరు చూసుకోలేదు.