సెరెంగెటిలో తండ్రీ కొడుకులు

1957 డిసెంబరులో జర్మనీ నుండి ఒక చిన్న విమానం బయలుదేరింది. దాని ఒంటినిండా జీబ్రాకు ఉన్నట్లు నలుపు తెలుపు చారలు. నడుపుతున్నది తండ్రీ కొడుకులు. ఈ ప్రయాణం కోసమే వారు విమానం నడపడం నేర్చుకున్నారు. వెళుతున్నది తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యీకాకు, అంటే ఈనాటి టాంజానియాకు.

తండ్రి పేరు బెర్న్‌హార్డ్ గ్జిమెక్. 1909లో జన్మించాడు. పశువైద్యం చదివాడు. యుద్ధంలో బాంబులకు పాడుపడిన ఫ్రాంక్‌ఫర్ట్ జంతు ప్రదర్శనశాలను 1945లో చేపట్టి తిరిగి నిలబెట్టాడు. కొడుకు మిఖాయెల్ ఆయనకు కుడిభుజం.

అప్పుడు టాంగన్యీకా బ్రిటిష్ వారి పాలనలో ఉండేది. సెరెంగెటి జాతీయవనం నుండి తూర్పు భాగాన్ని విడదీయాలని ప్రభుత్వం తలపెట్టింది. అక్కడ మసాయి అనే పశుపాలకులు తమ మందలను మేపుకునేవారు. కాని వన్యమృగాలు ఎన్ని ఉన్నాయో, ఏ కాలంలో ఎటు పోతాయో ఎవరికీ సరిగా తెలియదు. అది తెలియకుండా హద్దు గీస్తే ఎలా?

రైతు చాలు పక్కన చాలు దున్నినట్లు, వారు మైదానంపై తక్కువ ఎత్తులో వరుసలుగా ఎగురుతూ మృగాలను లెక్కపెట్టారు. లెక్క దాదాపు 3,67,000 అని తేలింది. వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకల మందలు వానలను వెంబడిస్తూ పోతాయి. వానకాలంలో అవి చేరే మేత భూములు సరిగ్గా ప్రభుత్వం విడదీయదలచిన వైపే ఉన్నాయి!

1959 జనవరి 10న మిఖాయెల్ ఒంటరిగా ఎగురుతుండగా ఒక రాబందు విమానం రెక్కకు తగిలింది. విమానం కూలి అతడు మరణించాడు. అప్పటికి వయస్సు 24 ఏళ్ళే. గోరొంగోరో అనే లోయ అంచున అతనిని సమాధి చేశారు. గుండె దిటవు చేసుకుని తండ్రి పుస్తకాన్ని, చలనచిత్రాన్ని పూర్తిచేశాడు. ఆ చిత్రానికి 1960లో ఆస్కార్ బహుమతి లభించింది.

హద్దు మాత్రం ఆగలేదు. 1959లోనే గోరొంగోరో వైపు భాగం విడిపోయింది. వనంలో మనుషులు నివసించరాదన్నది గ్జిమెక్ అభిప్రాయం. మసాయిలు సెరెంగెటిని విడిచిపోవలసి వచ్చింది. తరతరాల మేతభూమిని పోగొట్టుకున్న వారి బాధను ఆయన తగినంతగా పట్టించుకోలేదనే చెప్పాలి.

తరువాతి దశాబ్దాలలో వైల్డ్‌బీస్ట్‌లు పది లక్షలు దాటాయి. అందుకు ముఖ్య కారణం చుట్టుపక్కల పశువులకు టీకాలు వేసి ముసర వ్యాధిని అరికట్టడం. గ్జిమెక్ ముప్పై ఏళ్ళపాటు టెలివిజన్‌లో జంతువుల గురించి చెబుతూ, వాటి రక్షణకు విరాళాలు సేకరించాడు. 1987లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మరణించాడు. ఆయన చితాభస్మాన్ని గోరొంగోరోకు తీసుకువెళ్ళి, కొడుకు పక్కనే ఉంచారు.