వ్యాయామాచార్యుడు మిరోస్లావ్ తిర్ష్

కండబలమను మాట వినినంతనే మన యువకులకు స్ఫురించునది మల్లుని భుజములు, తొడలు. బలము ఒక్క మల్లుని సొత్తా, పట్టణమంతటి సొత్తా యని యడుగువారు అరుదు. ఆ ప్రశ్నకై జీవితమును వెచ్చించిన వాడు బొహీమియా దేశీయుడగు మిరోస్లావ్ తిర్ష్.

ఆయన 1832 సెప్టెంబరు 17వ తేదీన ద్యెచీన్ పట్టణమున జన్మించెను. తండ్రి వైద్యుడు. బాల్యముననే తలిదండ్రులిరువురును క్షయవ్యాధికి బలియైరి. బాలుడు బంధువుల యింట పెరిగెను. తానును దుర్బలదేహుడే, ఆరోగ్యము నిలుపుకొనుటకే మొదట వ్యాయామశాలలో అడుగు పెట్టెను. ప్రాగు విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము నభ్యసించి 1860లో పండితపట్టము నొందెను. గ్రీకు శిల్పములందు ఆయనకు మిక్కిలి మక్కువ. ఆ శిలామూర్తులలోని సౌష్ఠవము ప్రాగు వీధులలోని మానవులకేల రాకూడదను తలంపు అచటనే మొలకెత్తెనని మా యూహ.

ఆనాడు బొహీమియా వియన్నా ప్రభువుల యేలుబడిలో నుండెను. 1860 తరువాత నిర్బంధము కొంత సడలగా, 1862 ఫిబ్రవరి 16వ తేదీన తిర్ష్, వర్తకుడగు యిందర్జిహ్ ఫ్యూగ్నర్ కలసి ప్రాగులో వ్యాయామ సంఘమును స్థాపించిరి. దానికే సోకోల్, అనగా సాళువడేగ, అను పేరు స్థిరపడెను. ఫ్యూగ్నర్ తన ధనముతో సంఘమునకు భవనము కట్టించెను.

అంతకంటె గొప్ప కానుక వేరొకటి. తెలుగునందువలెనే చెక్ భాషయందును నీవు, మీరు అను రెండు సంబోధనలు కలవు. ఫ్యూగ్నర్ ప్రోద్బలమున సభ్యులందరును ఒకరినొకరు సోదరా యని, నీవని పిలుచుకొన నారంభించిరి. పనివాడు యజమానిని నీవనుట యెంతటి మాటయో మన పాఠకులకు వివరింప నక్కరలేదు. ఎఱ్ఱచొక్కా తొడిగి యొకే వరుసలో నిలిచిన వారిలో పండితుడెవరో పామరుడెవరో తెలియుట కష్టము.

1865లో ఫ్యూగ్నర్ మరణించెను. భారమంతయు తిర్ష్ మీద పడెను. ఆయన వ్యాయామములను నాలుగు తెగలుగా విభజించెను: ఉపకరణములు లేనివి, ఉపకరణములపై చేయునవి, పలువురు కలసి చేయునవి, ద్వంద్వములు. ఆజ్ఞలకును భంగిమలకును చెక్ మాటలు కల్పించెను. పారిభాషిక పదములకై తంటాలు పడినవారికి ఆ శ్రమ యెట్టిదో తెలియును. 1871లో సంఘమునకు పత్రికను నెలకొల్పెను. మరుసటి సంవత్సరము ఫ్యూగ్నర్ కుమార్తె రెనాతాను వివాహమాడెను.

ఈ సోదరభావమునకు ఎల్లలు లేకపోలేదు. ప్రాగులోని జర్మనులకు వేరు వ్యాయామ సంఘములుండెను. స్త్రీలను సోకోల్ ఆనాడు సభ్యులుగా చేర్చుకొనలేదు. అయినను 1869లో స్త్రీలకు ప్రత్యేక వ్యాయామ సంఘ మేర్పడుటకు తిర్ష్ తోడ్పడెను. దానిని క్లెమెన్యా హనుషోవా నడపెను. సంఘములోనికి రానీయక ప్రక్కగది చూపుట పూర్ణన్యాయము కాదు. కాని తలుపే తెరువని వారి నడుమ ఆ మాత్రమైనను చేసిన వాని నెంచక తప్పదు.

1882 జూన్ 18వ తేదీన వ్ల్తావా నదిలోని ద్వీపముపై తొలి స్లెత్ జరిగెను. పక్షులు గుంపుగా వచ్చి వ్రాలుట యని ఆ మాట కర్థము. ఇంచుమించు 700 మంది తిర్ష్ ఆజ్ఞపై ఏకకాలమున చేతులెత్తిరి.

తుదిదినములు విషాదకరములు. చెక్ విశ్వవిద్యాలయమున కళాచరిత్రాచార్య పదవి లభించినను, అందుకై సోకోల్ నాయకత్వమును విడువవలసి వచ్చెను. విశ్రాంతికై ఆల్ప్స్ పర్వతములకేగి, 1884 ఆగస్టు 8వ తేదీన ఓయెట్జ్ గ్రామమున కొండవాగులో పడి మరణించెను. ప్రమాదమో, మరేమో నేటికిని తేలలేదు. ప్రాగులో ఫ్యూగ్నర్ ప్రక్కనే ఆయనను సమాధి చేసిరి.

సోకోల్‌ను 1915లో ఆస్ట్రియా ప్రభుత్వము, 1941లో నాజీలు రద్దుచేసిరి. పిమ్మట కమ్యూనిస్టులును అణచిరి. 1990లో అది మరల లేచెను. 2024లో ప్రాగులో జరిగిన స్లెత్‌లో స్త్రీలును పురుషులును, నెరసిన తలలవారును, పసిబిడ్డల చేయిపట్టుకొనిన తలిదండ్రులును ఒకే మైదానమున నిలిచిరి.